ఎడమ చేతి సంగతి

గోదావరిఖని,
జూలై

ప్రియమైన బిడ్డ సంతోషికి,

బాపు దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. నీ హాస్టల్ అన్నం సంగతి మాత్రం అడగొద్దని మీ అమ్మ చెప్పింది, కాబట్టి అడగను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఇప్పుడు చెప్పబోయేది ఫోన్లో చెప్పే మాట కాదు. ఈ మధ్య ఇలాంటి సంగతే ఫోన్లో మాట్లాడిన ఒకాయన గొంతు రికార్డయి ఖని అంతా తిరిగింది. పైగా మన క్వార్టర్లో ముందుగదిలో దగ్గితే వంటింట్లో గిన్నెలు పలుకుతాయి. మీ తమ్ముడు వీరేందర్ విన్నాడంటే నన్ను బతకనివ్వడు. "ఏంది బాపు, మాట్లాడితే మనలెక్క మాట్లాడుతవ్, కాయితం పట్టంగనే పేపరోళ్ల లెక్క రాస్తవ్" అని నువ్వు చిన్నప్పుడు ఎక్కిరించేదానివి. ఏం చేయను, పంతులు కొట్టి నేర్పిన భాష, చేతికి అదే వస్తుంది.

సంగతేమిటంటే, నేను అన్‌ఫిట్ కావాలనుకుంటున్నాను.

కంగారుపడకు, జబ్బేమీ లేదు. లేకపోవడమే నా బాధ. బొగ్గు బాయిలో దిగే మనిషి ఇక పనికిరాడని మెడికల్ బోర్డు రాస్తే, ఆ నౌకరి కొడుక్కి వస్తుందని నీకు తెలుసు. రిటైర్మెంటు మరీ దగ్గరపడితే ఆ అవకాశం పోతుంది. నాకు గడువు వచ్చే ఎండాకాలంతో సరి. వీడేమో ఇంజనీరింగ్ చదివి ఆటో నడుపుతున్నాడు. మొన్న కమాన్‌పూర్ నుంచి పిల్ల తరఫువాళ్లు వచ్చారు. "పిలగాడు మంచిగనే ఉన్నడు గని, కంపెనీ నౌకరి ఉంటే ముచ్చట వేరుండు" అని చాయ తాగి లేచిపోయారు. ఆ గ్లాసులు కడుగుతూ మీ అమ్మ ఏడ్చింది. నాకు అది చూసి నిద్ర పట్టలేదు.

మన వెనక క్వార్టర్ల లైన్‌లో ఉండే సదయ్య కాక గుర్తున్నాడు కదా. వాళ్ల అన్న వణుకుడు జబ్బుతో మంచాన పడితే ఏళ్ల తరబడి సేవ చేసింది ఆయనే. "గుండె అంటే మిషన్ పెట్టి పట్టుకుంటరు, నడుమంటే ఫొటో తీసి పట్టుకుంటరు. వణుకుడుకు మిషన్ లేదు రాజం, చూసి రాసుడే" అన్నాడు. డ్యూటీ దిగి వచ్చాక రోజూ ఆయన దగ్గర కూర్చుని కుడిచెయ్యి వణికించడం నేర్చుకుంటున్నాను. చాయ గ్లాసు పట్టుకుని వణికించడమే పరీక్ష. ఇప్పటికి రెండు చొక్కాలు పాడయ్యాయి. అందుకే మీ అమ్మకు చెప్పక తప్పలేదు. గుండీలు కూడా ఆమే పెడుతోంది, నాకు ఈ మధ్య అవి జల్ది పడటం లేదు. వయసు కదా.

ఇక నీతో పని. మీ దవాఖానలో వణుకుడు జబ్బు వాళ్ల మెదడులో ఇనుము ఎంత పేరుకుందో ఎమ్మారై మిషన్‌తో కొలుస్తామని చెప్పావు. ఆ మిషన్ నడిపేది నువ్వే. నన్ను ఒకసారి అందులో పడుకోబెట్టి, ఇనుము ఉందని ఒక్క కాగితం ఇప్పించు. ఇన్నేళ్లు బాయిలో ఇనుప తాడుతో బొగ్గు టబ్బులు లాగినవాణ్ని. వెతికితే నా తలలో కాస్త ఇనుము దొరక్కపోదు.

చదివి చింపెయ్. అన్నం మాత్రం తిను.

నీ కోసం ఎదురుచూసే
బాపు రాజం


హైదరాబాద్,
జూలై చివర

ప్రేమగల బాపుకు,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తరువాత చాలా కోపం వచ్చింది. ఆ కోపంతోనే రాస్తున్నాను, ఓర్చుకో.

నేను ఆ కాగితం ఇవ్వలేను. దొంగతనం కాబట్టి ఇవ్వను. ఒకవేళ దొంగతనానికి ఒప్పుకున్నా ఇవ్వలేను, ఎందుకంటే మా మిషన్ అలాంటి మాట చెప్పదు. మెదడు అడుగున సన్నగా ఒక నల్లటి పొర ఉంటుంది, మన దగ్గర రాయి మధ్యలో బొగ్గు పొర ఉన్నట్టే. వణుకుడు జబ్బులో చచ్చిపోయేది అక్కడి కణాలే. ఇనుము ఉన్న చోట అయస్కాంతం లాగుడులో చిన్న తేడా వస్తుంది. ఆ తేడాను లెక్కగట్టి అక్కడ ఇనుము ఎంతుందో అంచనా వేస్తాం. ఇనుము అందరి మెదడులోనూ ఉంటుంది, వయసుతో పెరుగుతుంది. జబ్బు ఉన్నవాళ్లందరినీ ఒక పక్క, లేనివాళ్లందరినీ ఒక పక్క పెట్టి చూస్తే జబ్బు పక్క ఎక్కువ కనిపిస్తుంది. కానీ ఒక్క మనిషి అంకె చూసి నీకు జబ్బుంది, నీకు లేదు అని చెప్పలేం. ఇనుము పేరుకుని జబ్బు తెస్తోందా, జబ్బు వచ్చాక ఇనుము పేరుకుంటోందా అన్నదే మా సార్లు ఇంకా తేల్చుకోలేదు.

ఇంకో మాట. సదయ్య కాక నీకు నేర్పేది తప్పు. గ్లాసు ఎత్తినప్పుడు ఎక్కువ వణికితే అది వేరే రకం వణుకు. ఈ జబ్బులో చెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉన్నప్పుడు వణుకుతుంది, పని చెప్పగానే తగ్గుతుంది. బొటనవేలూ చూపుడువేలూ గోలీ నలుపుతున్నట్టు ఆడతాయి. మనసు వేరే లెక్కలో పడితే ఇంకా ఎక్కువవుతుంది. ఇవన్నీ బోర్డు డాక్టర్లకు తెలుసు. గదిలో అడుగు పెట్టగానే దొరికిపోతావు, ఉన్న పరువు పోతుంది. తమ్ముడు ఆటో నడిపితే తప్పేంటి? ఆ కమాన్‌పూర్ వాళ్లు కాకపోతే ఇంకొకరు.

నిద్రలో కాళ్లు విసురుతున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది. బాయి కలలు ఇంకా వస్తున్నాయా? ఆ నాటకం మానెయ్యి బాపూ. నా మీద ఒట్టు.

నీ
సంతోషి


గోదావరిఖని,
ఆగస్టు

ప్రియమైన బిడ్డకు,

మానెయ్యమని నువ్వు రాసిన ఉత్తరంలో ఉన్నంత పాఠం సదయ్య అన్ని ఏళ్ల సేవలోనూ నేర్చుకోలేదు. చదివి వినిపిస్తే, "నీ బిడ్డ సదువు దండుగ కాలేదు రాజం" అని మెచ్చుకున్నాడు. ఇప్పుడు గ్లాసు వదిలేశాను. కుడిచెయ్యి ఒళ్లో పడేసి వేళ్లు మాత్రమే ఆడిస్తున్నాను. చొక్కాలకు కూడా మేలే జరిగింది. ఒట్టు సంగతి అంటావా, బిడ్డ మీద ఒట్టు నేను వేసుకోలేదు, నువ్వే వేశావు.

ఇనుము మాట మీ అమ్మ చెవిన పడింది. అప్పటినుంచి ఇనుప పెనం అటక ఎక్కింది, రొట్టెలు కొత్త రేకు పెనం మీద మాడిపోతున్నాయి. తోటకూర, గోంగూర, మటన్ అన్నీ బంద్. "ఆకుకూరల్ల ఇనుముంటదని దవాఖాన నర్సమ్మ చెప్తది. ఆడోళ్లకు మంచిదైతే అయితది గని, నీ తలకాయలకు ఎక్కితే?" అంటోంది. నాకు లేని జబ్బుకు ఆమె పథ్యం పెడుతోంది చూశావా. నవ్వొస్తోంది గాని నాలుక చచ్చిపోయింది.

ఒక సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తాను, మనసులో పెట్టుకుంటే బరువుగా ఉంది. బొగ్గు లోపల్లోపలే రాజుకున్నప్పుడు మంట కన్నా ముందు వాసన వస్తుంది, కిరసనాయిలు పట్టిన గోనెసంచి వాసన. బాయిలో మీటర్లు ఉన్నాయి, వాటి పని అవి చేస్తాయి. కానీ ఆ వాసన పట్టడంలో నా ముక్కుకు ఒక మర్యాద ఉంది. ఎక్కడైనా అనుమానం వస్తే "రాజమన్నను పిలువుండ్రి" అంటారు. మొన్న రెండో షిఫ్టులో మా జట్టు సర్దార్ పోశం నా పక్కన నిలబడి గాలి పీల్చి, "అన్నా, వాసనస్తలేదా?" అన్నాడు. నాకేమీ రాలేదు. చుట్టూ ఉన్న కుర్రాళ్లంతా నా మొహమే చూస్తున్నారు. "వస్తుంది, జరంత" అన్నాను. పోశం నా జవాబు కోసం ఆగకుండా అందరినీ పైకి పంపాడు కాబట్టి సరిపోయింది. ఆ చోటును తరువాత గోడ కట్టి మూసేశారు. ఎవరికీ ఏమీ కాలేదు.

జలుబు చేసి ఉంటుందనుకున్నాను. కానీ నాకు జలుబు లేదు.

నిద్రలో మాత్రం పైకప్పు కూలుతున్నట్టు కల వచ్చి మంచం మీంచి పడ్డాను. నేను విసిరిన చెయ్యి మీ అమ్మ దవడకు తగిలింది. ఎడమ కాలి చెప్పు కూడా దారిలో తరచూ జారిపోతోంది, కొత్తవి కొనాలి. బోర్డుకు పిలుపు వచ్చింది, వచ్చే నెలలోనే. మొక్కుకో.

నీ బాపు
రాజం


హైదరాబాద్,
ఆగస్టు

బాపూ,

ఈ ఉత్తరం ఒక్కడివే కూర్చుని చదువు.

నీకు వాసనలు ఎప్పటినుంచి తెలియడం లేదు? నిజం చెప్పు. మన లైన్‌లో జరిగిన పెళ్లి వీడియో తమ్ముడు పంపాడు కదా, అది మళ్లీ చూశాను. బరాత్ ఊరేగింపులో నువ్వు నడుస్తుంటే కుడిచెయ్యి ఊగుతోంది, ఎడమచెయ్యి ఒంటికి అతుక్కుని ఉంది. గుండీలు పడటం లేదని రాశావు. ఎడమ చెప్పు జారుతోందని రాశావు. నిద్రలో తన్నుతున్నావు. నేను రోజూ మా దగ్గరికి వచ్చేవాళ్లను ఇవే ప్రశ్నలు అడిగి రాసుకుంటాను బాపూ. వాళ్లలో చాలామంది ఇవే చెప్తారు, వణుకు కన్నా ఏళ్ల ముందు ముక్కు పోయిందని.

నేను డాక్టర్ను కాను. తప్పు కావచ్చు. తప్పే కావాలని పొద్దున్నుంచీ కోరుకుంటున్నాను. బోర్డు కన్నా ముందు ఒకసారి ఇక్కడికి రా. కాగితం కోసం కాదు, మా న్యూరాలజీ సార్‌కు చూపించుకోవడానికి.

అంతకన్నా ముందు ఒక పని చెయ్యి. పోశం మామకు నీ ముక్కు సంగతి చెప్పు. ఆ కుర్రాళ్లు నీ ముక్కును నమ్ముకుని నిలబడతారు. రాని వాసనను "వస్తుంది" అన్నావు, రేపు పోశం మామ పక్కన లేకపోతే?

నీ
సంతోషి


గోదావరిఖని,
సెప్టెంబర్ చివర

ప్రియమైన సంతోషికి,

నీ ఉత్తరం వచ్చిన రోజు దాన్ని చింపేద్దామనుకున్నాను. నాటకానికి సాయం అడిగితే దాన్ని నిజం చేస్తున్నావని కోపం వచ్చింది. నన్ను భయపెట్టి మాన్పించాలని చూస్తున్నావనుకున్నాను. అందుకే జవాబు రాయలేదు, ఫోన్ ఎత్తలేదు. మన్నించు బిడ్డా.

ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి మీ అమ్మను "ఏం కూర?" అని అడిగాను. ఆమె వింతగా చూసింది. పొయ్యి మీద ఎండు చేపలు వేగుతున్నాయి. లైన్ లైనంతా ముక్కు మూసుకుని ఉంటుంది. నాకు నూనె చిటపటలు వినిపించాయి గాని వాసన లేదు. మరుసటి పొద్దున పోశం దగ్గరికి వెళ్లాను. "పోశం, నా ముక్కు పోయింది. ఇగ నన్ను నమ్ముకోకుండ్రి" అన్నాను. "ఎప్పటిసంది అన్నా?" అన్నాడు. తెలియదన్నాను. మేనేజరుతో మాట్లాడి నన్ను పైన ల్యాంప్ రూంలో వేయించాడు. నేను దీపాలు అందిస్తుంటే కుర్రాళ్లు నా మొహం చూడకుండా తీసుకుంటున్నారు. సదయ్య నోట బోర్డు నాటకమంతా విన్నవాళ్లు కదా, ఇది కూడా అందులో భాగమే అనుకుంటున్నారు.

ఇక బోర్డు. వెళ్లక తప్పలేదు, పిలుపు వచ్చాక వెళ్లకపోతే మళ్లీ ఎప్పుడో. బెంచీ మీద కూర్చుని కుడిచెయ్యి ఒళ్లో పెట్టి నువ్వు రాసినట్టే వేళ్లు ఆడించాను. చాలా బాగా ఆడించాను. ముసలి డాక్టరమ్మ ఒకావిడ, కోస్తా వైపు మనిషి, నన్ను అటూ ఇటూ నడిపించింది. రెండు చేతుల వేళ్లూ టపటపా తాటించమంది. వందలోంచి ఏడు తీసేస్తూ లెక్క చెప్పమంది. నేను లెక్కలో పడి కుడిచేతిని మరిచిపోయాను. అది ఆగిపోయింది. దొరికిపోయాననుకున్నాను. ఆమె నా కుడిచేతి వైపు చూడనే లేదు.

"ఆ కుడిచెయ్యి ఇక వదిలేయండి. మీరే ఊపుతున్నారని లోపలికి రాగానే తెలిసింది. ఆ ఎడమ చేతి సంగతి చెప్పండి, ఎన్నాళ్ల నుంచి అలా ఉంది?" అంది.

తల వంచి చూసుకున్నాను. ఎడమచెయ్యి నా తొడ మీద పడి ఉంది. బొటనవేలూ చూపుడువేలూ గోలీ నలుపుతున్నాయి. నేను నలపడం లేదు బిడ్డా. ఆపమని చూశాను, ఆగలేదు.

పెద్ద డాక్టరు రిపోర్టు తెమ్మని హైదరాబాద్‌కు రాసిచ్చారు. వస్తున్నాను. ఇదంతా నాటకంలో భాగమేనని మీ అమ్మకు చెప్పాను. నువ్వూ అదే చెప్పు.

నీ
బాపు


హైదరాబాద్,
అక్టోబర్

ప్రేమగల బాపుకు,

నువ్వు బస్సెక్కి వెళ్లిపోయాక నీ ఎదుట చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

కళ్లలో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా అని అడిగితే, "పడ్డది, మీ అమ్మ కొంగుతోని తీసింది" అన్నావు. అది నిజంగా వచ్చేసిందో లేదో ఎక్స్‌రేలో చూసేదాకా నిన్ను మిషన్ దగ్గరికి రానివ్వలేదు. తరువాత నీ మొలతాడు, తాయత్తు, గుర్రపు నాడా ఉంగరం నేనే తీసి నా పర్సులో పెట్టుకున్నాను. నువ్వు ఆ గొట్టంలోకి వెళ్తూ "బాయి కన్నా నయమే" అన్నావు. అద్దం ఇవతల ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరువాత తెర మీద నీ తల లోపలి బొమ్మ వచ్చింది. ఎంతోమంది బొమ్మలు చూశాను, అంకెలు రాసి పక్కన పెట్టాను. నీది చూస్తూ మౌస్ పట్టుకోలేకపోయాను. పక్క అమ్మాయి వచ్చి నా కుర్చీలో కూర్చుంది.

నీ వయసువాళ్లకు ఉండేదానికన్నా ఇనుము ఎక్కువే ఉంది. కానీ ఆ అంకెతో ఎవరూ ఏదీ తేల్చలేదు. అది మా పరిశోధనకు పోయే అంకె, అంతే. సార్ తేల్చింది నీ నడక చూసి, చెయ్యి చూసి, నీ మాటలు విని. పార్కిన్సన్స్ అని నీకు ఆయనే చెప్పారు. మందులు వాడితే చాలా ఏళ్లు నీ పని నువ్వు చేసుకుంటావు, అది నిజం. పూర్తిగా పోదు, అదీ నిజం. ఇనుమును కడిగేసే మందు లేదా అని సార్‌ను అడిగావు కదా. అలాంటిది ఒకటి ఇచ్చి చూశారు బాపూ, ఆ రోగులకు మేలు కాలేదు, ఇంకా ఎక్కువైంది. తిండిలో ఇనుము మానేసినా మెదడులోది తగ్గదు, ఒంట్లో నెత్తురు తగ్గుతుంది. అమ్మను పెనం దించమను.

నాటకం ఎలా వెయ్యాలో నీకు రాసి పంపింది నేనే అన్న మాట నన్ను వదలడం లేదు. నేను రాసిన ప్రతి లక్షణం నీకు అప్పటికే ఉంది. అమ్మకు చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను వచ్చి చెప్తాను.

నీ తాయత్తు నా పర్సులోనే ఉండిపోయింది. దీపావళికి తెస్తాను.

నీ బిడ్డ
సంతోషి


గోదావరిఖని,
నవంబర్

ప్రియమైన బిడ్డ సంతోషికి,

దీపావళికి సెలవు దొరకలేదని ఫోన్లో ఏడ్చావు. ఏడవకు. తాయత్తు నీ దగ్గరే ఉండనీ, నీకూ ఏదో ఒకటి ఉండాలి.

బోర్డు రాసేసింది. నేను అన్‌ఫిట్. లైన్‌లో అందరూ నా భుజం తట్టి పోతున్నారు. సదయ్యకు ఎక్కడలేని గర్వం, శిష్యుడు పాసయ్యాడని. "కుడిచెయ్యి నేర్పితే ఎడమ చెయ్యి చూపెట్టి గెలిచిండు" అని చాయ హోటల్లో చెప్పి నవ్విస్తున్నాడు. నేనూ అక్కడే కూర్చుని నవ్వాను.

ఆ నవ్వులు వీరేందర్ చెవికి చేరాయి. ఇంటికొచ్చి నౌకరి కాగితాలు నా ముందు పడేశాడు. "దొంగ వణుకుడుతోని వచ్చిన నౌకరి నాకద్దు బాపు. ఆటోనే నడుపుకుంట" అన్నాడు. ఎన్ని చెప్పినా వినలేదు. మంచి పిల్లవాడు కదా, నా కడుపున ఎలా పుట్టాడో. చివరికి దవాఖానకు దింపమని ఆటో ఎక్కాను. గోదావరి బ్రిడ్జి దగ్గర ఆపించి నా ఎడమచేతిని వాడి చేతిలో పెట్టాను. "ఆపు బాపు" అన్నాడు. "అదే అయితలేదు బిడ్డా" అన్నాను. వాడు ఆటో హ్యాండిల్ మీద తల పెట్టుకున్నాడు. తరువాత నన్ను ఇంటికి తెచ్చాడు, కాగితాల మీద సంతకం పెట్టాడు.

కొత్తగా చేరినవాడు కాబట్టి ముందు బాయిలోకే పంపుతారు. నేను ఏరికోరి తెచ్చిపెట్టిన నౌకరి అదే. పోశం దగ్గరికి వెళ్లి, "పిలగానికి ఆ వాసన నువ్వే నేర్పాలె, నాతోని కాదు" అని అడిగాను. పోశం నా మొహంలోకి చూశాడు. నాటకం కాదని వాడికి అప్పుడు అర్థమైంది. "నీ కొడుకు నా పక్కనే ఉంటడన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

మీ అమ్మకు మాత్రం చెప్పలేకపోయాను. మందులు బోర్డు వాళ్లు అడిగితే చూపించడానికని చెప్పాను. చాలాసార్లు నోటిదాకా వచ్చింది. కానీ బిడ్డా, కమాన్‌పూర్ వాళ్లు మళ్లీ కబురు పెట్టారు. మీ అమ్మ చాలా రోజుల తరువాత గోరింటాకు పెట్టుకుంది. ఆ చేతులు చూసి ఆగిపోయాను.

మొన్న సాయంత్రం అరుగు మీద ఇద్దరమే ఉన్నాం. నేను చాయ తాగుతున్నాను, ఎడమచెయ్యి ఒళ్లో దాని పని అది చేసుకుంటోంది. అమ్మ చూసి నవ్వింది. "ఇగ సాలు. ఎవ్వలు లేరు ఈడ. ఎవలకోసం ఊపుతున్నవ్?" అంది.

ఆపాలని చూశాను. మోకాళ్ల మధ్య నొక్కిపెట్టాను. కుడిచేతిలోని గ్లాసు కింద పెట్టి, కుడిచేత్తో పట్టుకున్నాను. మోకాలు కూడా వణకడం మొదలుపెట్టింది. "అలవాటైంది అనసూర్యా" అన్నాను.

ఆమె లేచింది. నా పక్కన వచ్చి కూర్చుని ఆ చేతిని కొంగులో పెట్టుకుంది. చీకటి పడేదాకా అలాగే ఉన్నాం. లైన్‌లో పోయేవాళ్లు చూస్తారని కూడా సిగ్గుపడలేదు.

నువ్వు వచ్చి చెప్తానన్నావు కదా, ఆ పని పెట్టుకోకు. అమ్మ మరునాడు అటక మీంచి ఇనుప పెనం దించింది, తోటకూర వండింది, నా చొక్కాలకు గుండీలు తీసేసి అతికే పట్టీలు కుట్టింది.  నా గ్లాసులో చాయ ఇప్పుడు సగమే పోస్తోంది. అది తాగాక మిగతా సగం పోస్తోంది.

వేళకు తిను. మీ అమ్మ కూడా ఇదే మాట రాయమంది.

నీ బాపు
రాజం